కూల్చడానికి దొరికిన పటం కాపాడడానికి ఎందుకు దొరకదు?

2024 సెప్టెంబరులో మూసానగర్, శంకర్‌నగర్ వంటి మూసీ ఒడ్డు బస్తీలలోకి అధికార సిబ్బంది వచ్చి, ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి వెళ్లారు. ఏ ఇల్లు నదీగర్భంలో ఉందో, ఏ ఇల్లు దాని అంచున ఉందో వారి చేతిలోని పటం వారికి చెప్పింది. ఆ పటం అంత ఖచ్చితమైనదే అయితే మా ప్రశ్న ఒక్కటే. 2020 అక్టోబరు 13 రాత్రి ఆ పటం ఎక్కడ ఉంది? ఆ రాత్రి బేగంపేటలో ఒక్క రోజు వ్యవధిలో 19 సెంటీమీటర్లకు పైగా, ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. నీరు గడప దాటి, మంచం ఎక్కి, కిటికీ అందుకునేంత వరకు ఏ అధికారీ ఆ పటం పట్టుకొని ఏ గల్లీకీ రాలేదు. ‘అమ్మా, మీ ఇల్లు పల్లంలో ఉంది, పిల్లలను తీసుకొని పైకి వెళ్లండి’ అని చెప్పిన నాథుడు లేడు.

ప్రభుత్వాల వద్ద సమాచారం లేదని మేము అనడం లేదు. ఉన్నది. మన మీద ప్రయోగించడానికి ఉన్నది, మనకు ఇవ్వడానికి మాత్రం లేదు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారీ ఫైళ్ల మధ్య గడిపినవారం కనుక ఈ మాట కోపంతో అనడం లేదు, అనుభవంతో అంటున్నాం. ఒక కాగితం ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో నిర్ణయించే వాడి చేతిలోనే అసలు అధికారం ఉంటుంది.

మేము నివసించే విద్యానగర్‌నే తీసుకోండి. ఇది మూసీ ఒడ్డు కాదు. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయపు మెరక, ఆవల తార్నాక, ఇంకోవైపు రైలు పట్టాలు. ‘మనకు వరదేమిటి, మనది గుట్ట’ అని ఇక్కడివారు ధీమాగా అంటారు. గుట్ట మీద ఉన్నవారికి అది నిజమే. అయితే విశ్వవిద్యాలయపు రాతినేల మీద పడిన వాన అక్కడే కూర్చోదు. అడిక్‌మెట్, విద్యానగర్ వాలుల వెంట జారి నల్లకుంట వైపుకు పోతుంది. అక్కడ హుస్సేన్‌సాగర్ మిగులు నాలా దానిని అందుకుంటుంది. ఆ నాలా అశోక్‌నగర్, నాగమయ్యకుంట, నల్లకుంట, గోల్నాక మీదుగా వెళ్లి మూసీలో కలుస్తుంది. సాగర్ నిండి తూములు ఎత్తిన రోజున ఆ నాలా అప్పటికే నిండుగా ఉంటుంది. అప్పుడు మన వాలు నుంచి వెళ్లిన నీటికి చోటు దొరకదు. వచ్చిన దారినే వెనక్కు తిరిగి, డ్రైనేజీ మ్యాన్‌హోళ్ల గుండా పైకి పొంగి, కింది అంతస్తుల్లోకి చేరుతుంది. తార్నాక సంగతీ అంతే. మెరక మీది నీరు హబ్సిగూడ, రామంతాపూర్ పల్లాలకు దిగుతుంది. 2020లో హబ్సిగూడలోని ఎనిమిదవ నంబరు వీధి, రవీంద్రనగర్ ఎలా మునిగాయో అక్కడివారు మరచిపోలేదు.

ఒకే వీధిలో పై చివర ఉన్న ఇంటికి చుక్క నీరు రాదు, కింది చివర ఉన్న ఇంట్లో ఫ్రిజ్ తేలుతుంది. ఒకే అపార్టుమెంటులో రెండవ అంతస్తువారు బాల్కనీలో నిలబడి వీడియో తీస్తారు, సెల్లారులో కాపురమున్న వాచ్‌మన్ కుటుంబం బట్టల మూట నెత్తిన పెట్టుకొని మెట్ల మీద నిలబడుతుంది. కనుక ‘మన ఏరియాకు వరద వస్తుందా’ అన్న ప్రశ్నే తప్పు. ‘మన గడప ఎంత ఎత్తున ఉంది, ఎగువన ఏముంది, దిగువన నీరు పోయే దారి ఎంత వెడల్పున మిగిలింది’ అని అడగాలి.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. మన పేటల పేర్లే సగం చెబుతాయి. నల్లకుంట, నాగమయ్యకుంట, మాసబ్‌ట్యాంక్, బతుకమ్మకుంట - ఇవి కవులు పెట్టిన పేర్లు కావు, నీరు నిలిచిన చోట్ల గుర్తులు. శివం రోడ్డుకు చేరువలో, బాగ్ అంబర్‌పేటలోని బతుకమ్మకుంట పాత లెక్కల ప్రకారం పద్నాలుగు ఎకరాల పైచిలుకు. పూడ్చి, చెత్తపోసి, కబ్జా చేయగా ఐదెకరాల పైచిలుకు మిగిలింది. ‘హైడ్రా’ 2025లో దానిని తవ్వినప్పుడు అడుగున నీరు పైకి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు చివర దానిని పునరుద్ధరించి ప్రారంభించారు. మంచి పనే, అభినందిస్తున్నాం. కానీ పోయిన తొమ్మిది ఎకరాల మీద పడే వాన ఇప్పుడు ఎవరి ఇంటికి పోతున్నదో లెక్క చెప్పినవారు ఎవరూ లేరు.

లెక్క చెప్పిన కాలం ఒకటి ఈ నగరంలోనే ఉండేది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పదిహేను వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీటిలోనే పోగొట్టుకున్నారు. అప్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయులకు తన మహళ్ల తలుపులు తెరిపించారు. అంతటితో ఆ రాజ్యం ఊరుకోలేదు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీ పరీవాహకంలోని 788 చెరువులలో 221 తెగిపోయాయని ఆయన లెక్క తేల్చారు. ఆ లెక్క మీదనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో ఇల్లు ఇల్లూ, నాలా నాలా గుర్తించిన నగర పటాలు ఆ వరద తరువాతి ఏళ్లలోనే తయారయ్యాయి. రాచరికం అది. ప్రజాస్వామ్యంలో మనకు దక్కినదేమిటంటే, ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను నియంత్రించిన 1996 నాటి 111వ జీవో ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో ఉత్తర్వు ఇవ్వడం.

ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పాలి. ‘వందేళ్లకొకసారి వచ్చే వరద’ అని ఇంజనీర్లు అంటే, మన వాళ్లు ‘1908లో వచ్చింది, కనుక మన పిల్లల కాలానికి ఇక రాదు’ అని అర్థం చేసుకుంటున్నారు. దాని అర్థం అది కాదు. ప్రతి ఏడాదీ నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని మాత్రమే. ఒక ఏడాది వచ్చినందువల్ల మరుసటి ఏడాది అవకాశం తగ్గదు. ముప్పై ఏళ్ల గృహరుణం తీసుకున్న కుటుంబం ఆ రుణం తీరేలోగా అటువంటి వరదను కనీసం ఒకసారి చూసే అవకాశం నూటికి ఇరవై ఆరు. నాలుగు ఇళ్లలో ఒక ఇల్లు అనుకోండి. ఇక చిన్న వరదల సంగతి చెప్పనక్కరలేదు. మన నాలాలు గంటకు రెండు సెంటీమీటర్ల వాన వరకే మోయగలవని నగర అధికారులే పలుమార్లు అన్నారు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజే 24 సెంటీమీటర్లు కురిసింది. ఆ తరువాత కిర్లోస్కర్ సంస్థతో నాలాల మీద నివేదిక రాయించారు. ఆ నివేదికను అల్మారాలో పెట్టి, నాలాల మీద ఇళ్లకు కరెంటు మీటర్లు, ఇంటి నంబర్లు, పన్ను రసీదులు ఇచ్చారు. పన్ను కట్టించుకున్నప్పుడు అది ఇల్లు, వరద వచ్చినప్పుడు అది ఆక్రమణ!

2020లో సహాయం ఎలా అందిందో గుర్తు చేసుకుందాం. మునిగిన ప్రతి కుటుంబానికి పది వేలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికి యాభై వేలు అని ప్రకటించారు. ఆ పది వేలు స్థానిక నాయకుల చేతుల మీదుగా నోట్ల కట్టలుగా వచ్చాయి. సగం కోసుకున్నారన్న ఆరోపణలు పత్రికల నిండా వచ్చాయి. అందనివారు మీసేవా కేంద్రాల ముందు తెల్లవారుజామునే వరుసలు కట్టారు. నవంబరు 18న, నగరపాలక ఎన్నికల నియమావళి పేరుతో రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీని నిలిపివేసింది. ఫలక్‌నుమాలోని అల్ జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్‌లలో గుర్రంచెరువు, పల్లెచెరువుల నీటికి సర్వం కోల్పోయిన కుటుంబాలలో ఎందరో ఆ వరుసలలోనే మిగిలిపోయారు. ఉస్మాన్‌నగర్‌లో నీరు నెలల తరబడి నిలిచి ఉన్నది. ఆ నీటితోనే మళ్లీ చలికాలం గడిపినవారిని మేము ఎరుగుదుము.

నాయకుడి దయ ఒకటి, హక్కు మరొకటి. విపత్తు నిధి నియమాలలోనూ మనవారికి ఒక చిక్కుముడి ఉన్నది. దెబ్బతిన్న ఇంటికి పరిహారం ఇవ్వాలంటే అది అధికారిక అనుమతి ఉన్న నిర్మాణమని ధ్రువీకరించాలి. నోటరీ కాగితాల మీద ఇళ్లు కొన్న మన బస్తీల వారు ఆ ధ్రువీకరణ ఎక్కడి నుంచి తెస్తారు? పక్క రాష్ట్రంలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, కింది అంతస్తులోని కుటుంబానికి 25 వేలు, పై అంతస్తు వారికి 10 వేలు ఇస్తామని లెక్కకట్టి ప్రకటించారు. బీమా కంపెనీల వారిని పిలిపించి క్లెయిములను వేగిరం తేల్చమని చెప్పి, అందుకు ప్రత్యేక కేంద్రం పెట్టించారు. అక్కడా లోపాలున్నాయి, కాదనము. కానీ వరద బాధితుడికి సహాయంతో పాటు బీమా అనే మరో తలుపు కూడా ఉంటుందని ఆ ప్రభుత్వం గుర్తించింది. మన నగరంలో ఆ తలుపు ఉన్నదని చెప్పినవారు లేరు. విచిత్రమేమిటంటే దేశం మొత్తం బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే, గచ్చిబౌలి వైపున ఉన్నది. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఆ తలుపు వెనుక ఏమున్నదో చెబుతాం. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ గృహరక్ష’ అనే పాలసీని ఒకే నమూనాలో అమ్మాలి. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద, ముంపు అందులోనే ఉంటాయి, వరదకు వేరే రుసుము అడగడానికి వీలు లేదు. ఇంటికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా పది లక్షల వరకు, ఇంటి సామానుకు కూడా దానంతటదే రక్షణ వస్తుంది. ఇంటి విలువ అంటే ప్లాటు ధర కాదు, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు. నేల ఎక్కడికీ కొట్టుకుపోదు కదా! కనుక కోటి రూపాయల ఫ్లాటుకు కోటికి బీమా చేయాలేమోనని భయపడి వెనుదిరగవలసిన పని లేదు. అద్దెకుండేవారు సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. విద్యానగర్, అడిక్‌మెట్‌లలో సగం మంది అద్దె కుటుంబాలే. కుట్టుమిషన్లు, ఫ్రిజ్, పిల్లల కంప్యూటరు, పెళ్లికి కొని పెట్టిన సామాను - వీటికి సేల్ డీడుతో పని లేదు, మనవైతే చాలు. అయితే నగదుకు ఇందులో రక్షణ లేదు, నగలకు విడిగా చెప్పి తీసుకోవాలి. ఏళ్ల తరబడి గోడకు పట్టిన చెమ్మ, కారుతున్న పైకప్పు వరద కిందికి రావు. చిన్న దుకాణాలకు, వర్క్‌షాపులకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ ఉన్నది. దుకాణం చిరునామాకు పాలసీ తీసుకొని సరుకు మాత్రం సెల్లారు గోదాములో పెడితే, ఆ గోదాము చిరునామా పాలసీలో లేకపోతే, మునిగిన సరుకుకు పైసా రాదు. మన గల్లీలలోని వ్యాపారులు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే.

బ్యాంకు రుణంతో ఇల్లు కొన్నవారు ‘మాకు బీమా ఉన్నది’ అంటారు. కాగితం తెప్పించి చదవండి. అనేక సందర్భాలలో అది బ్యాంకు అప్పుకు ఉన్న రక్షణ, మీ సామానుకు కాదు. ఆటోలు, బైకుల సంగతి మరీ కష్టం. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే మనవారిలో చాలామంది దగ్గర ఉంటుంది. అది మన బండి ఎదుటివారికి కలిగించిన నష్టానికి, నీట మునిగిన మన బండికి కాదు. సమగ్ర పాలసీ ఉన్నా, నీట మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజను పట్టేస్తుంది. ఇంజను రక్షణ అనే అదనపు కవరు లేకపోతే కంపెనీ ఆ ఖర్చు ఇవ్వదు. నీరు తగ్గగానే కీ తిప్పి చూడాలనే ఆత్రం అందరికీ ఉంటుంది. ఆ ఆత్రం ఖరీదు వేలల్లో ఉంటుంది. ఆపి, తోసుకుంటూ మెకానిక్ దగ్గరకు తీసుకుపోవాలి.

ఇక కంపెనీల సంగతికి వద్దాం. వీరి ఏజెంట్లు జూబ్లీహిల్స్ మెట్లన్నీ ఎక్కుతారు, మన బస్తీల మలుపు తిరగరు. 2020 వరద తరువాత మా పేటలో ఒక బట్టల దుకాణం యజమానికి మేము క్లెయిము పత్రాలు నింపి ఇచ్చాం. ఒక కంపెనీ (పేరు అనవసరం) మొదట కొనుగోలు బిల్లులు అడిగింది. అవి నీటిలోనే పోయాయన్నాడు. తరువాత లెక్కల పుస్తకం అడిగింది. అదీ అక్కడే పోయింది. మూడవ ఉత్తరంలో ‘ఆధారాలు లేనందున ఫైలు మూసివేయడమైనది’ అని వచ్చింది. వరదలో కొట్టుకుపోయిన దానికి, వరదలో కొట్టుకుపోని ఆధారం అడగడం - ఇంతటి తర్కాన్ని మా ఆఫీసులో కూడా మేము చూడలేదు. ఇప్పుడు నియమం మారింది. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించరాదని 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. నష్టం తెలిపిన 24 గంటలలో సర్వేయరును నియమించాలి, ఆయన 15 రోజులలో నివేదిక ఇవ్వాలి, నివేదిక అందిన 7 రోజులలో కంపెనీ తేల్చాలి అని అదే ఏడాది మరో ఆదేశం వచ్చింది. ఈ మూడు అంకెలు ప్రతి దుకాణదారుడి క్యాలెండరు మీద రాసి ఉండాలి.

కంపెనీ కాదంటే దారి మూసుకుపోలేదు. లక్డీకాపూల్ వద్ద ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉన్నది. యాభై లక్షల లోపు వివాదాలు వింటుంది, ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. మన వాళ్లు కలెక్టరేటుకు పోతారు, ఎమ్మెల్యే ఇంటికి పోతారు, అక్కడికి మాత్రం పోరు.

ఇప్పుడు మన ఇంటి లోపలి మాట. ‘బీమా హరామ్’ అని ఒక పెద్దమనిషి మస్జిద్ మెట్ల మీద అంటాడు, చర్చ అక్కడితో ముగుస్తుంది. వడ్డీ, జూదం, అనిశ్చితి ఉన్న ఒప్పందాల పట్ల షరీఅత్ హెచ్చరికను మేము తేలికగా తీసుకోవడం లేదు. 1985లో జెద్దాలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను కాదన్న మాట నిజమే. అదే తీర్మానం పరస్పర సహకారం మీద నడిచే బీమాను సమ్మతించిందని ఎందుకు చెప్పరు? మన దేశపు ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1990ల తొలినాళ్లలో, మత కలహాలలో మన ఇళ్లూ దుకాణాలూ తగలబడుతున్న పరిస్థితిని చూసి, ప్రాణానికీ ఆస్తికీ బీమాకు అనుమతినిచ్చిందని ఎందుకు చెప్పరు? నిప్పుకు ఉన్న అవసరం నీటికి లేదా? ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు, ఇవ్వడం లేదు. మీ మహల్లాలోని ఆలిమ్‌ను అడగండి. అయితే ప్రశ్న పూర్తిగా అడగండి: ‘నాకు ఇద్దరు పిల్లలు, కింది అంతస్తు, నాలాకు ఇరవై గజాల దూరం, తకాఫుల్ సంస్థ ఏదీ ఈ దేశంలో లేదు, నేనేం చేయాలి’ అని. తవక్కుల్ పేరుతో చేతులు ముడుచుకొమ్మని ఎవరూ చెప్పలేదు. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌ను నమ్మమని దైవప్రవక్త (స) ఒక పల్లెవాసికి చెప్పిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు.

హరామ్ అని చెప్పేవారికి మరో బాధ్యత ఉన్నది. కాదన్న దాని స్థానంలో ఔనన్నది కట్టి చూపాలి. మదీనా ఒడంబడికలో రక్తపరిహారం భారాన్ని తెగ మొత్తం పంచుకునే ఏర్పాటు ఉన్నది. ఆ మూలం మీదనే సూడాన్‌లో 1979లో, మలేషియాలో 1984 చట్టంతో తకాఫుల్ సంస్థలు వెలిశాయి. మన మస్జిద్‌లలో బైతుల్‌మాల్ ఉన్నది. మూడు వందల ఇళ్లు నెలకు యాభై రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి లక్షా ఎనభై వేలు. వీధిలో ఐదు ఇళ్లు మునిగితే ఇంటికి ఇరవై వేలు ఇచ్చినా ఇంకా మిగులుతుంది.

కానీ ఇక్కడొక చిక్కు ఉన్నది, దానిని దాచడం మోసం అవుతుంది. నిప్పు ఒక ఇంటిని కాలుస్తుంది, పక్కింటివాడు ఆదుకుంటాడు. వరద ఒక ఇంటికి రాదు. హఫీజ్‌బాబానగర్‌లో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే రాత్రి మునిగారు. మూడు వందల ఇళ్లూ ఒక్కసారే మునిగితే లక్షా ఎనభై వేలు ఇంటికి ఆరు వందలు. కనుక ఒక్క మస్జిద్ నిధి వరదకు చాలదు. మెరక మహల్లా, పల్లపు మహల్లా ఒకే నిధిలో ఉండాలి. తార్నాక మెరకవారు గోల్నాక పల్లపువారితో, ఈ నగరంవారు కర్నూలు, నిజామాబాదు వారితో కలవాలి. ఒకే రాత్రి అన్ని చోట్లా వరద రాదు. బ్రిటన్‌లో 2016 నుంచి నడుస్తున్న ‘ఫ్లడ్ రీ’ ఏర్పాటు సూత్రం ఇదే. గృహబీమా కంపెనీలన్నీ ఒక ఉమ్మడి నిధికి చెల్లిస్తాయి, అందువల్ల నదీతీరపు ఇంటివాడికి కూడా మోయగల ప్రీమియంకే పాలసీ దొరుకుతుంది. మెరకవారు ‘మాకు వరద రాదు, మేమెందుకు ఇవ్వాలి’ అంటారు. మీ మెరక మీది సిమెంటు మీద పడిన వానే కదా కింది వారి ఇంట్లో నిలిచినది!

మనలోని వారిని మరికొందరిని కూడా వదలలేము. చెరువు శిఖం భూములను ప్లాట్లుగా కోసి, తెల్లకాగితం మీద నోటరీ ముద్ర వేయించి, మన పేదలకే అమ్మినవారిలో మన బ్రోకర్లు ఉన్నారు. వలీమాలో ముందు వరుసలో కూర్చునే వారే. పూర్తి నిల్వ మట్టం అంటే ఏమిటో వారికి బాగా తెలుసు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ముప్పై మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు తొమ్మిది మీటర్లు వదలాలన్న 2012 నాటి 168వ జీవో కూడా తెలుసు. కొన్నవాడికి తెలియదు. ఇల్లు కూల్చినప్పుడు కొన్నవాడు రోడ్డున పడ్డాడు, అమ్మినవాడి గోడ మీద ఎర్ర గుర్తు లేదు. ప్లాటు కొనే ముందు హెచ్ఎండీఏ చెరువుల పటంలో సర్వే నంబరు చూడండి. చూడనివ్వని బ్రోకరు దగ్గర కొనకండి, అతడు మీ మేనమామ అయినా సరే.

ప్రభుత్వాన్ని మేము అడిగేది స్పష్టం. 2000లో, 2020లో, 2025 సెప్టెంబరులో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు వచ్చిన రోజున, ఏ గల్లీలో ఎంత ఎత్తున నీరు నిలిచిందో చూపే పటాన్ని వార్డుల వారీగా బయట పెట్టాలి. తెలుగులో, ఉర్దూలో పెట్టాలి. 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అన్నది కాగితం మీది అలంకారం కారాదు. అమెరికాలో 1968 నుంచి వరద బీమా పథకం ప్రభుత్వమే నడుపుతున్నది. ఏ ఇల్లు ఏ ముంపు మండలంలో ఉన్నదో చూపే పటం అక్కడ ఎవరైనా చూడవచ్చు. మనకు ఆ పటం బుల్డోజరు వెంట మాత్రమే వస్తున్నది.

రెండవది, పేద బస్తీల పేరు మీద నగరపాలక సంస్థే బీమా తీసుకోవాలి. నాగాలాండ్ వంటి చిన్న రాష్ట్రం ఆ పని చేసింది. నిర్ణీత ప్రమాణాన్ని మించి వాన పడితే సర్వేయరు లేకుండా, బిల్లులు లేకుండా కంపెనీ డబ్బు చెల్లించే ఏర్పాటు అది. గుజరాత్‌లో ‘సేవా’ సంఘపు శ్రామిక మహిళలకు ఎండవేడిమి హద్దు దాటిన రోజుల్లో ఇటువంటి పాలసీ కింద 2024లో డబ్బు అందింది. వానను కొలిచే యంత్రాలు ఈ నగరంలో అడుగడుగునా ఉన్నాయి. గోల్నాకలో 15 సెంటీమీటర్లు పడిన మరునాడే ఖాతాలో డబ్బు పడితే నాయకుడి ఇంటి ముందు వరుస అక్కరలేదు. బహుశా అందుకేనేమో ఏ నాయకుడూ ఈ మాట ఎత్తడు.

అంతవరకు చేతిలో ఉన్న పని చేయాలి. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ల లోపు బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఉన్నది. నీటిలో కొట్టుకుపోవడం ప్రమాదమే. ఇంట్లోని ప్రతి గదినీ, ప్రతి వస్తువునీ ఫోనులో ఫొటో తీసి, ఊరిలో లేని బంధువుకు ఒక ప్రతి పంపండి. ఆధార్, రేషన్ కార్డు, నికాహ్‌నామా, ఇంటి కాగితాలు, పిల్లల మెమోలు ఒకే ప్లాస్టిక్ సంచిలో, బీరువా అడుగున కాక అటక మీద పెట్టండి. నీరు వచ్చినప్పుడు గోడ మీద నీటి మట్టాన్ని గీత గీసి, తేదీ వేసి ఫొటో తీయండి. సర్వేయరు వచ్చేలోగా పాడైన సామాను పారవేయకండి.

ఇక పటం సంగతి. సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షన్ ప్రకారం ఇటువంటి సమాచారాన్ని ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ప్రకటించలేదు కనుక అడుగుదాం. దరఖాస్తుకు పది రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువవారికి అదీ లేదు. ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లా పేరు రాసి నాలుగు విషయాలు అడగాలి: మా వార్డులో గుర్తించిన ముంపు స్థలాలు ఏవి, 2020లో నమోదైన నీటి మట్టం ఎంత, మా నాలా అసలు వెడల్పు ఎంత, ఇప్పటి వెడల్పు ఎంత. విద్యానగర్ నుంచి ఒక దరఖాస్తు సిద్ధం చేశాం, నమూనా కావలసినవారు జుమా నమాజు తరువాత మమ్మల్ని కలిస్తే తెలుగులోనూ ఉర్దూలోనూ ఇస్తాం. జవాబుకు గడువు ముప్పై రోజులు. మృగశిర కార్తెకు ముందే అది అందాలంటే దరఖాస్తు ఈ వారమే తపాలాలో పడాలి, స్పీడ్ పోస్టులో, రసీదు దాచుకొని.